ల్యాబు పక్కనే, రోజుకో గుడ్డు

ఇరవై మంది పిల్లలకు రోజూ మధ్యాహ్నం ఉడకబెట్టిన గుడ్డు పెట్టించింది నేనే. కంపెనీ వాళ్ళు సాంబారన్నం, పెరుగన్నం చాలన్నారు. నేను గుడ్డు అన్నాను. వాళ్ళు వారానికి రెండు అన్నారు. నేను రోజూ అన్నాను. ఎదురుగా పెట్టిన టీ చల్లారి మీగడ కట్టినా పట్టు విడవలేదు. చివరికి రోజూ గుడ్డు అని కాగితం మీద రాయించుకుని, కోట గెలిచినంత సంబరంగా స్కూటరెక్కాను. ఆ సంబరం గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నేను పుదుచ్చేరిలో ఒక ప్రైవేటు కాలేజీలో ఉద్యోగం చేస్తున్నాను. నా గది తలుపు మీదున్న హోదా రెండు వరసల పొడుగు. అందులో ఇండస్ట్రీ ఉంది, పార్ట్‌నర్‌షిప్ ఉంది, ఇంకా ఏవేవో ఉన్నాయి. విప్పి చెబితే పని చిన్నదే. ఫ్యాక్టరీల చుట్టూ తిరగాలి. మా పిల్లలకు మీ దగ్గర పని నేర్పండి, నచ్చితే ఉద్యోగాలివ్వండి అని ఒప్పించాలి. ఒప్పందం మీద సంతకం పెట్టించుకుని రావాలి. ఆ కాగితాన్ని ఎంఓయూ అంటారు. అదేమిటో మా తమ్ముడికి ఒకసారి వివరంగా చెప్పాను. అంతా విని, "అంటే కొనేదీ లేదు, అమ్మేదీ లేదు, ఫోటో మాత్రం తీస్తారు" అన్నాడు. అప్పుడు వాడి మీద కోపం వచ్చింది. ఇప్పుడు ఆ మాట మా కాలేజీ ప్రహరీ మీద పెద్దక్షరాలతో రాయించాలనిపిస్తుంది.

తమ్ముడు బజారులో మా బియ్యం అంగడి చూసుకుంటాడు. తాత పెట్టింది, నాయన పెంచింది. ఆ మూటల మీద కూర్చునే నేను బడి పాఠాలు చదువుకున్నాను. ఎవరైనా ధర అడిగితే ముందు వాళ్ళ చెప్పుల వంక చూసి, తరవాత జవాబు చెప్పడం నాకు ఎనిమిదేళ్ళకే వచ్చేసింది. కాలేజీ వాళ్ళు నన్ను తీసుకున్నది నా డిగ్రీ చూసి కాదు. ఇంటర్వ్యూలో జీతం దగ్గర నేను పెట్టిన పేచీ చూసి, ఈవిడ ఇదే పేచీ కంపెనీల దగ్గర పెడితే మనకు లాభమే కదా అనుకుని తీసుకున్నారు. ఆ మాట డీన్ గారే తరవాత నాతో అన్నారు. దాన్ని పొగడ్త అనుకుని చాలా కాలం నెత్తిన పెట్టుకుని తిరిగాను.

మా తెలుగు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే నేను బోల్తా పడింది అక్కడే. మేం ఎన్ని తరాల కిందట ఈ ఊరొచ్చామో మాకే తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తమ్ముడికి తెలుగు అక్షరాలు రావు. అంగడిలో తెలుగు క్యాలెండరు తగిలించి, అది తలకిందులుగా ఉందా సరిగ్గా ఉందా అని నన్ను అడుగుతాడు. నాకు మాత్రం మా పిన్నమ్మ పట్టుబట్టి చదవడం, రాయడం నేర్పింది. మా మాటలో తెలుగు ఎక్కడ ఆగి తమిళం ఎక్కడ మొదలవుతుందో మేం ఎప్పుడూ చూసుకోలేదు. గుడ్డును ముట్టై అంటాం. పక్క అనే మాటను తమిళం వాళ్ళు పక్కం అన్నట్టే వాడతాం. మా ఇళ్ళల్లో "వాడు కరెంటాఫీసు పక్కన ఉండాడు" అంటే వాడికి కరెంటాఫీసులో ఉద్యోగమని అర్థం. ఆ ఆఫీసు గోడకు ఆనుకుని నిలబడ్డాడని కాదు.

సేదరపేట్‌లో మందుబిళ్ళలు తయారుచేసే కంపెనీ ఒకటుంది. దాని మేనేజరు ఆంధ్రా నుంచి బదిలీ మీద వచ్చినవాడు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయన ఇంగ్లీషులో, నేను ఇంగ్లీషులో, ఇద్దరం గట్టి కుర్చీల మీద కూర్చున్నట్టే మాట్లాడుకుంటున్నాం. మధ్యలో తమ్ముడి ఫోను వచ్చింది. "యాడ ఉండావు? నేను తరవాత చేస్తాలే" అని పెట్టేశాను. మేనేజరు ముందుకు వంగాడు.

"మీరు తెలుగువాళ్ళా మేడమ్! ముందే చెప్పొద్దూ! యాడ అంటే ఎంత ముద్దుగా ఉందండీ మీ తెలుగు!"

మన మాట ముద్దుగా ఉందన్న మనిషి మనకంటే ఒక మెట్టు పైన నిలబడి చూస్తున్నాడని అర్థం. పైగా అంగట్లో అడుగుపెట్టగానే సరుకును పొగిడే మనిషిని నమ్మకూడదని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. అయినా కరిగిపోయాను. ఈ ఊళ్ళో నాతో తెలుగులో మాట్లాడిన పెద్ద కుర్చీ అదే మొదటిది మరి. ఆయన నాకు ల్యాబు చూపించాడు. అద్దాల గోడలు, తెల్లకోట్లు, చిన్న చిన్న తెరల మీద గీతలు గీసే మిషన్లు. మా కాలేజీ ల్యాబులో ఉన్న ఒక్క మంచి మిషన్‌కు గుడ్డ కప్పి, తనిఖీ వాళ్ళు వచ్చినప్పుడే తీస్తారు. ఇక్కడ అన్నీ నడుస్తున్నాయి. మా మూడో ఏడాది కెమిస్ట్రీ పిల్లలు వాటి ముందు నిలబడినట్టు నాకు కళ్ళ ముందే కనిపించింది.

"మీ పిల్లల్ని ల్యాబు పక్కనే పెడతామండీ" అన్నాడు మేనేజరు.

సరేనన్నాను. మొత్తం వ్యవహారంలో నేను బేరమాడకుండా వదిలేసిన మాట అదొక్కటే. తరవాత బూట్ల దగ్గర బేరమాడాను. చేతి తొడుగుల దగ్గర ఆడాను. బస్సు మీరే పెట్టాలన్నాను, ఆయన కుదరదన్నాడు, సరే బస్సు మా కాలేజీదే అని దిగి, ఆ దిగినందుకు బదులుగా గుడ్డు పట్టుకున్నాను. ఇంగ్లీషు కాగితంలో ‘ఫ్యాక్టరీ ఆవరణలో శిక్షణ’ అని మాత్రమే ఉంది. ఆ వరస ఒకసారి చదివాను. గుడ్డున్న వరస మూడుసార్లు చదివాను.

తరవాత శాలువా, పూలగుత్తి, బ్యానరు, ఫోటో. ఫోటోలో డీన్ గారు, మేనేజరు ఆ కాగితాన్ని చెరో పక్కా పట్టుకుని నవ్వుతున్నారు. వెనక వరసలో నా తల సగం కనబడుతుంది.

మా పిల్లలకు చివరి సెమిస్టరంతా ఏదో ఒక కంపెనీలోనే గడవాలి. ఇప్పుడు చదువులు అలాగే పెట్టారు. రోజూ ఏం పని చేశారో, ఏం నేర్చుకున్నారో డైరీ రాయాలి. నెలాఖరున కంపెనీ ప్రతి పేజీ మీదా సంతకం చేసి సీలు వేయాలి. ఒక్క నెల సీలు లేకపోయినా సెమిస్టరు పోయినట్టే, డిగ్రీ ఆగినట్టే. ఇరవై మంది కెమిస్ట్రీ పిల్లలూ ఈ కంపెనీకే వెళ్ళారు. మొదటి నెల పూర్తయింది. పంతొమ్మిది డైరీలు సీళ్ళతో తిరిగొచ్చాయి. ఒకటి సీలు లేకుండా వచ్చింది.

డీన్ గారు నన్ను పిలిచి ఆ డైరీ నా ముందుకు తోశారు. ఆయన మాట్లాడేది తమిళమే. నేను తెలుగులో రాస్తున్నాను.

"చదువు."

చదివాను. ఇంగ్లీషులో, గుండ్రటి చేతిరాత. మొదటి రోజు: ఈరోజు అట్టపెట్టెలు మడిచాను. రెండో రోజు: ఈరోజు అట్టపెట్టెలు మడిచాను. మూడో రోజు: ఈరోజు అట్టపెట్టెలు మడిచి, అందులో మందు గురించి రాసిన కాగితం పెట్టాను. ఇలాగే నెలంతా. మధ్యలో ఒకచోట మాత్రం: ఈరోజు పెట్టెలు అయిపోయాయి, కొత్తవి వచ్చేదాకా నేల తుడిచాను.

"మిగతావాళ్ళవి కూడా చూడు" అన్నారు డీన్ గారు. చూశాను. పంతొమ్మిది మందీ ఆ నెలలో ప్రపంచంలోని మిషన్లన్నీ నేర్చేసుకున్నారు. ఒక్కో డైరీ ఒక్కో పాఠ్యపుస్తకం.

"ఈ అమ్మాయి చేత మళ్ళీ రాయించు. కంపెనీ వాళ్ళు ఇలాంటి దాని మీద సీలు వెయ్యరట."

"నిజంగా పెట్టెలే మడిపిస్తున్నారేమో సార్?"

"ఆ కంపెనీని తెచ్చింది ఎవరు?" అన్నారు డీన్ గారు, చాలా మెల్లగా. "నువ్వే కదా?"

ఆ అమ్మాయిది విల్లియనూరు. ఇంట్లో మాలాగే తెలుగు. తల్లి ప్రభుత్వాసుపత్రిలో ఆయా. ఈ సంగతులు నాకు ముందే తెలుసు, ఎందుకంటే మొదటి ఏడాది ఫారం నింపేటప్పుడు నా తెలుగు విని, వరసలో నిలబడినదల్లా పక్కకొచ్చి పలకరించింది. ఈ ఏడాది డిగ్రీ చేతికొస్తే నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవాలని ఆశ. రాకపోతే ఇంకో ఏడాది కూర్చోబెట్టి చదివించే ఓపిక ఆ ఇంట్లో లేదు. సాయంత్రం కాలేజీ బస్సు దిగగానే క్యాంటీన్‌కు రమ్మన్నాను.

"ఏంది పాపా ఇది? నెలంతా ఒకే వాక్యం!"

"నెలంతా ఒకే పని మేడమ్."

"మిగతావాళ్ళు రాసింది చూసినావా?"

"చూసినా. మూడో సెమిస్టరు పుస్తకంలోంచి దించినారు. దాంట్లో ఉండే అచ్చుతప్పులు కూడా దించినారు."

నవ్వొచ్చింది. ఆపుకున్నాను. "మిమ్మల్ని ల్యాబు పక్కన పెడతామని కదా నాతో చెప్పింది?"

"అవును మేడమ్. ల్యాబు పక్కనే" అంది ఆ పిల్ల. "మధ్యలో అద్దం ఉండాది. అవతల వాళ్ళు ఏం చేసేదీ బాగానే కనబడతాది. తలుపు మాత్రం కార్డు ఉంటేనే తెరుచుకుంటాది."

ఆ మేనేజరు గొంతు చెవిలో మళ్ళీ వినిపించింది. పక్కనే పెడతామండీ. ఆయనదీ తెలుగే, నాదీ తెలుగే. ఆయన అబద్ధం చెప్పలేదు. నేనే మా ఇంటి తెలుగులో విన్నాను.

నా ముఖం ఎలా మారిందో గాని, నన్ను ఓదార్చడానికి అన్నట్టు ఆ పిల్ల, "ముట్టై మాత్రం రోజూ పెడతా ఉండారు మేడమ్. ఒక్క పొద్దు కూడా తప్పలేదు" అంది.

ఆ తరవాత నేను చేసిన పని రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా ఆమె డైరీ గురించి రాస్తూ నా డైరీ దిద్దుకుంటే బాగుండదు. నేను బేరం మొదలుపెట్టాను. అన్నీ మార్చొద్దులే అన్నాను. పది రోజులు మార్చు చాలు. సరే, ఏడు. వారానికి ఒక రోజు ల్యాబులోకి తొంగి చూశానని రాయి, అద్దంలోంచి చూసిందీ చూసిందే కదా. సీలు పడిపోతుంది, డిగ్రీ వస్తుంది, ఆ తరవాత ఎవరు చదువుతారు దీన్ని?

ఆ పిల్ల డైరీని నా వైపు తోసింది.

"నాతో కూడా బేరమా అక్కా?"

అప్పటిదాకా నన్ను మేడమ్ అనే పిలిచింది. అక్కా అనడం అదే మొదలు. ఆ పిలుపుకు అంతకంటే చెడ్డ సమయం దొరకదు.

ఇంటికి వెళ్ళకుండా నేరుగా అంగడికి వెళ్ళాను. తమ్ముడు ఒక లారీ సరుకు దింపించుకుంటున్నాడు. కొత్త మూట దిగగానే దాని కడుపులోకి, మొనదేలిన ఇనుప గొట్టం ఒకటి గుచ్చి తీస్తాడు. గొట్టంలోకి మూట నడిమి నుంచి గుప్పెడు బియ్యం వస్తాయి. పైన పోసిన బియ్యం చూసి సరుకు తీసుకోవడం మా అంగట్లో లేదు. నాయన ఆ గొట్టం నా చేతికి ఇచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. వాడికి జరిగిందంతా చెప్పాను.

"సరే, నువ్వు లోపలికి గుచ్చి చూసినావా?" అన్నాడు.

"ల్యాబు చూపించినాడు కదరా!"

"అది మూట మూతికాడ పోసిన బియ్యం. అడుగునేముందో చూసినావా? ఎనక గేటు చూసినావా? ఆ పిల్లోళ్ళు కూసునేది యాడో చూసినావా?"

"లేదు."

"ముట్టైకి మాత్రం గంటన్నర కొట్లాడినావు." వాడు అరచేతిలోని బియ్యాన్ని నోట్లో వేసుకుని నమిలాడు. "నాయన ఉంటే ఈ పొద్దు నిన్ను గడప తొక్కనిచ్చుండడు."

కూలీలు నవ్వారు. నేనూ నవ్వినట్టు చేశాను. మేనేజరు మీద మంట, డీన్ మీద మంట, అంతకంటే ఎక్కువగా తెలుగు వినగానే తోక ఊపిన నా మీద నాకే మంట.

మర్నాడు ఉదయం ఎవరికీ చెప్పకుండా సేదరపేట్ వెళ్ళాను. ముందు గేటు దగ్గర ఆగలేదు. ప్రహరీ చుట్టూ తిరిగి సరుకు గేటు దగ్గర స్కూటరు ఆపాను. అక్కడ మూడు లారీలు ఖాళీగా, వెనక తలుపులు తెరుచుకుని నిలబడి ఉన్నాయి. ఎదురుగా తాటాకు పందిరి కింద ఒకావిడ టీ కాస్తోంది. ఒక టీ తీసుకుని, లారీలు ఎప్పటి నుంచి నిలబడ్డాయని తమిళంలో అడిగాను. నిన్నటి నుంచి అంది. సరుకు పెట్టెల్లోకి ఎక్కడం లేదట, కొత్త చేతులకు వేగం చాలడం లేదట. "పోయిన నెలదాకా ఆ పెట్టెలు మేమే కట్టాం. పన్నెండు మంది ఆడవాళ్ళం. ఇప్పుడు కాలేజీ పిల్లలు ఊరికే వస్తున్నారంట, ట్రైనింగంట. మమ్మల్ని నిలిపేశారు" అంది. నేనెవరో ఆమెకు తెలియదు. నేను చెప్పలేదు. టీ సగంలోనే వదిలేసి లేచాను.

సరుకు గేటు వాచ్‌మన్‌కు కాలేజీ కార్డు చూపించి, బస్సు సంగతి మాట్లాడాలని చెబితే వదిలాడు. పొడుగాటి హాలు. తలలకు నీలం టోపీలు పెట్టుకుని ఇరవై మంది నా పిల్లలు రెండు వరసల్లో కూర్చున్నారు. తల ఎత్తకుండా మడుస్తున్నారు. ఎవరో సూపర్‌వైజరు "మాటలు ఆపు, చెయ్యి ఆడించు" అని అరుస్తున్నాడు. ఎడమవైపు గోడంతా అద్దం. అద్దం అవతల, నాకు మొదటి రోజు చూపించిన ల్యాబు. తెల్లకోట్లలో ఇద్దరే ఉన్నారు. ఆ మిషన్లు నిమ్మళంగా గీతలు గీసుకుంటున్నాయి. నా పిల్లలకూ వాటికీ మధ్య నాలుగడుగుల దూరం. విల్లియనూరు పిల్ల నన్ను చూసింది. చెయ్యి మాత్రం ఆపలేదు.

మేనేజరు పరుగులాంటి నడకతో వచ్చాడు. "అయ్యో మేడమ్! చెప్పకుండా వచ్చేశారేంటండీ! అదీ వెనక గేటు నుంచి! రండి రండి, రూములో కూర్చుందాం."

రూములో కూర్చున్నాం. టీ వచ్చింది. నేను ముట్టుకోలేదు.

"ల్యాబు అన్నారు" అన్నాను.

"ల్యాబు పక్కనే అన్నానండీ." ఆయన నవ్వాడు. "పక్కనే పెట్టాను. మాట తప్పానా చెప్పండి? మీ తెలుగుకీ మా తెలుగుకీ కొంచెం తేడా ఉంటుందనుకుంటా."

ఆ నవ్వు చూశాక నాలో ఉన్న ఉద్యోగం మర్యాద పోయింది. అంగడి మిగిలింది.

"మీ తెలుగులోనే చెప్తా విను స్వామీ. పక్కన పెడతానన్నావు, నిజంగానే పక్కన పెట్టేసినావు. పద్నాలుగు సంవత్సరాలు చదివిన పిల్లల్ని పాత సామాను మాదిరి పక్కన పెట్టేసినావు. బయట టీ కాచే ఆమె చేసిన పని, ఆమెకు జీతం ఎగ్గొట్టేదానికి, నా పిల్లోళ్ళ చేత ఊరికే చేయిస్తా ఉండావు. దానికి పేరు ట్రైనింగు. అందులో నా సంతకం కూడా ఉండాది."

"మేడమ్, మీరు ఎమోషనల్ అవుతున్నారు."

"అవుతా ఉండా. గుడ్డు దగ్గర కూడా అయినా. అప్పుడు నీకు బాగానే ఉండింది."

తరవాత ఆయన గొంతు తగ్గించి, అదే ముద్దు తెలుగు దారిలోకి వచ్చాడు. ఆ ఒక్క అమ్మాయిదే కదండీ ఇబ్బంది, ఆమెను రేపటి నుంచి ల్యాబులో కూర్చోబెడదాం, డైరీ కొంచెం మార్చి తెమ్మనండి, సీలు వేసేస్తాను, ఈ మాట మనలో మనకే ఉండనివ్వండి అన్నాడు.

నిజం చెబుతున్నాను, నా చెయ్యి ముందుకు కదిలింది. ఒక మంచి ధర పలికితే చెయ్యి చాచడం మా వంశంలో ఉంది. ఆ పిల్ల డిగ్రీ వస్తుంది, మిషన్ నేర్చుకుంటుంది, నాకూ మాట దక్కుతుంది. అంతలో "నాతో కూడా బేరమా అక్కా" అన్న మాట గుర్తొచ్చింది. చాచబోయిన చేత్తో టీ కప్పును ఆయన వైపు జరిపాను.

"రేపు బస్సు రాదు" అన్నాను.

"అంటే?"

"బస్సు మాది. దాని అనుమతి కాగితం మీద ప్రతి వారం సంతకం పెట్టేది నేను. బయట మూడు లారీలు ఉండాయి. నిన్నటి నుంచి ఉండాయి. రేపు పెట్టెలు నువ్వే మడుచుకో."

అంగట్లో పెరిగిన వాళ్ళకు ఒక క్షణం తెలుస్తుంది. ఎదుటివాడు ధర లెక్క వేసుకోవడం ఆపి, నష్టం లెక్క వేసుకోవడం మొదలుపెట్టే క్షణం. ఆయన కళ్ళు కిటికీ వైపు, లారీల వైపు వెళ్ళాయి.

అక్కడి నుంచి అసలు బేరం. నేను ఇరవై మందినీ ల్యాబులోకి అన్నాను. అంతమంది పట్టరు, తనిఖీలుంటాయి అన్నాడు. అది నిజమే. నలుగురు చొప్పున, వారం వారం మారుతూ అన్నాను. ఇద్దరన్నాడు. నలుగురు అన్నాను. మిషన్ ముట్టుకోనివ్వాలి, చూడటం కాదు అన్నాను. దాని మీద చాలాసేపు నడిచింది. నేను ఏ రోజైనా, ఏ గేటు నుంచైనా చెప్పకుండా వస్తాను అన్నాను. ఆ ముక్క కాగితం మీద పెట్టడానికి ఒప్పుకోలేదు, నోటి మాటగా సరేనన్నాడు. ఆ అమ్మాయి డైరీ మీద, ఉన్నది ఉన్నట్టు, ఇప్పుడే, నా ఎదురుగా సీలు వెయ్యాలన్నాను.

"మరి మాకేంటండీ?" అన్నాడు చివరికి, చేతులు విప్పి. "అన్నీ మేమే ఇస్తే పైవాళ్ళకు నేనేం చెప్పుకోవాలి?"

"గుడ్డు తీసేయండి."

జోకనుకుని నవ్వాడు. నేను నవ్వలేదు. అప్పుడు పెన్ను తీశాడు. నేను గంటన్నర కొట్లాడి గెలిచిన గుడ్డును ఒక్క గీతతో కొట్టేసి, పక్కన ఇద్దరం పొట్టి సంతకాలు పెట్టాం. నా బతుకులో నేను చేసిన బేరాలన్నిటిలో ధర సరిగ్గా పెట్టింది అదొక్కటే అనుకుంటాను.

టీ కాచే ఆవిడ, ఆ పన్నెండు మంది సంగతి కూడా అడిగాను. "ఆలోచిద్దామండీ" అన్నాడు. ఆలోచిద్దాం అనే మాట విలువెంతో అంగట్లో పుట్టిన నాకు వేరే చెప్పక్కర్లేదు. లారీలు కదిలాక ఆ మాట మళ్ళీ ఎత్తలేకపోయాను. అప్పుడే గట్టిగా పట్టుకుని ఉండాల్సింది. పట్టుకోలేదు. బయటికొచ్చినప్పుడు ఆవిడ, "టీ సగమే తాగావమ్మా, బాగాలేదా?" అని అడిగింది. బాగుందని చెప్పి తలవంచుకుని స్కూటరెక్కాను.

డైరీ నా సంచిలోనే ఉంది కాబట్టి సీళ్ళు అంతకుముందే, మేనేజరు రూములోనే పడ్డాయి. ఈరోజు అట్టపెట్టెలు మడిచాను, దాని కింద సీలు. ఈరోజు అట్టపెట్టెలు మడిచాను, సీలు. నేల తుడిచాను అన్న పేజీ దగ్గర ఆయన చెయ్యి ఆగింది. నేను చూస్తూ కూర్చున్నాను. సీలు పడింది.

డీన్ గారికి కబురు నాకంటే ముందే చేరింది. మనం కంపెనీలతో స్నేహం పెంచుకోవాలి, నువ్వు బస్సు ఆపుతానని బెదిరిస్తావా అన్నారు. భాగస్వామ్యం అంటే నమ్మకం అన్నారు. వచ్చే ఏడాది వాళ్ళు సంతకం చెయ్యకపోతే ఆ ఖాళీ ఎవరు నింపుతారన్నారు. గోడ మీద ఆ ఫోటో ఆయన తల వెనకే వేలాడుతోంది. "సార్, ఆ పంతొమ్మిది డైరీలు కూడా నిజంగా మళ్ళీ రాయిద్దాం" అన్నాను. ఆయన అల్మారా వైపు చూశారు. తాళం వేసి ఉంది. "సీళ్ళు పడినవి పడ్డాయి" అన్నారు.

అవి ఇప్పటికీ ఆ అల్మారాలోనే ఉన్నాయి. పంతొమ్మిది అబద్ధాలు, చక్కగా అట్టలు వేసుకుని, సీళ్ళతో. రేపు తనిఖీ వాళ్ళు వస్తే ముందు వాటినే చూపిస్తారు. ఆ గది ముందు నుంచి వెళ్ళిన ప్రతిసారీ పళ్ళు నూరుకుంటాను. ఆ తరవాత నేను ఏ కంపెనీతో మాట్లాడినా, పిల్లలు కూర్చునే చోటు ముందు చూపించండి, వెనక గేటు నుంచి చూపించండి అంటున్నాను. సగం కంపెనీలు రెండోసారి ఫోను ఎత్తడం లేదు. గోడ మీద కొత్త ఫోటోలు తగ్గాయి.

ఇక పిల్లలు. గుడ్డు ఎందుకు ఆగిందో మర్నాడు మధ్యాహ్నానికల్లా అందరికీ తెలిసిపోయింది. కారిడార్లో నేను వెళ్తుంటే వెనక నుంచి "మేడమ్, ముట్టై!" అని ఎవరో అరిచి దాక్కుంటారు. మడిచే పదహారు మందికి నేను గుడ్డు పోగొట్టిన మనిషిని. ల్యాబులో వంతు వచ్చిన నలుగురికి మాత్రం ఆ వారం నేను మంచిదాన్ని. వచ్చే వారం వంతు మారుతుంది, నా మంచితనం కూడా మారుతుంది.

మొదటి నలుగురిలో విల్లియనూరు పిల్ల లేదు. నేనే ఆమె పేరు రెండో వారంలో వేశాను, లేకపోతే ఆమె కోసమే ఇదంతా చేశానంటారు. రెండో వారం మొదటి రోజు సాయంత్రం బస్సు దిగి, క్యాంటీన్ వైపు కాకుండా నేరుగా నా గదికి వచ్చింది. తల మీది టోపీ తీయడం కూడా మరిచిపోయింది.

"అక్కా, ఈ పొద్దు కూడా ముట్టై లేదు."

"తెలుసు తల్లీ. నువ్వు కూడా మొదలుపెట్టినావా?"

"ముట్టై లేదు గాని, మిషన్ ముట్టుకున్నా."

ఆ మాట దారంతా తయారు చేసుకుని వచ్చినట్టుంది, చెప్పేసి పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ మేనేజరు, ఆ అద్దం, ఆ నాలుగడుగులు కళ్ళ ముందు నిలబడ్డాయి.

"ఎంతసేపు?"

"పది నిమిషాలు."

"పొద్దున నుంచి సాయంత్రం దాకా ఉండి, పది నిమిషాలేనా?"

"పది నిమిషాలే అక్కా. మిగతా సేపు గాజు సీసాలు కడిగినాను."

"డైరీలో ఏం రాసినావు?"

సంచిలోంచి డైరీ తీసి, ఆ పేజీ విప్పి నా బల్ల మీద పెట్టింది. గుండ్రటి చేతిరాతలో రెండే రెండు వరసలున్నాయి. సీసాలు కడిగాను. పది నిమిషాలు మిషన్ నడిపాను.

స్కూటరు తాళాలు తీసుకున్నాను. వెనక గేటు ఆరింటిదాకా తెరిచే ఉంటుంది.